1918 బొంబాయి సావరిన్, ముద్ర లేని 1917: గ్రేడింగ్‌కు పంపాలా, ఉన్నట్టే అమ్మాలా?

థేమ్స్_తీరం (రీడింగ్, ఇంగ్లండ్), ఫిబ్రవరి 3

సభ్యులందరికీ నమస్కారం. గత నెల మా ఊరికి దగ్గరలో జరిగిన ఒక చిన్న వేలంలో ఐదు సావరిన్లను (బ్రిటన్ ఒక పౌండు బంగారు నాణేలు) ఒకే లాటుగా కొన్నాను. వేలం పట్టికలో "ఐదు సావరిన్లు, వేర్వేరు సంవత్సరాలు" అని తప్ప మరే వివరమూ లేదు. పాట పెద్దగా పెరగకపోవడంతో బంగారం ధర మీద కొద్ది మొత్తమే ఎక్కువ పెట్టి దక్కించుకోగలిగాను.

ఇంటికి తెచ్చి భూతద్దం కింద పెట్టి చూస్తే అవి 1887, 1902, 1911, 1917, 1918 సంవత్సరాల నాణేలని తెలిసింది. 1918 నాణెం బొరుసు వైపున, సెయింట్ జార్జి గుర్రం కింద ఉన్న నేల మీద, సంవత్సరానికి సరిగ్గా పైన ఇంగ్లీషు ‘ఐ’ అక్షరం చిన్నగా ఉంది. అది బొంబాయి టంకశాల ముద్ర అని చదివినప్పటి నుంచి ఆ నాణెం మీద మమకారం పెరిగింది. 1917 నాణెం మీద అదే చోట ఏ అక్షరమూ కనిపించలేదు, కాబట్టి అది లండన్‌లో ముద్రించినదై ఉండాలి. లండన్ 1917 చాలా అరుదైనదని విన్నందున రెండు రోజులుగా సరిగా నిద్ర పట్టలేదు.

నా సందేహాలు మూడు. వీటిలో ఏయే నాణేలను గ్రేడింగ్ సంస్థకు, అంటే నాణెం అసలైనదో కాదో చూసి దాని స్థితికి అంకె ఇచ్చే సంస్థకు, పంపడం లాభసాటి? 1902 నాణెం మిగిలిన వాటితో పోలిస్తే మసకబారినట్టు ఉంది కనుక, పంపే ముందు దానిని శుభ్రం చేయవచ్చా? అమ్మదలిస్తే వేలంలో పెట్టాలా, డీలర్‌కు ఇవ్వాలా?

పాతనాణెం (బర్మింగ్‌హామ్), ఫిబ్రవరి 3

థేమ్స్ తీరం గారూ, అన్నిటికంటే ముందుగా రెండో ప్రశ్నకు జవాబిస్తాను, ఎందుకంటే మిగిలిన రెండు ప్రశ్నలకూ వ్యవధి ఉంది గానీ దీనికి లేదు. దయచేసి దేనినీ శుభ్రం చేయవద్దు. మన ఇళ్లలో బంగారాన్ని కుంకుడుకాయ నీళ్లలో నానబెట్టి కుంచెతో రుద్దడం, వెండిని చింతపండుతో తోమడం తరతరాల అలవాటు. నగకు అది మేలే చేయవచ్చు, నాణేనికి మాత్రం తీరని నష్టం చేస్తుంది. అచ్చు కింద లోహం ఒత్తిడికి పరుచుకున్నప్పుడు ఉపరితలం మీద కంటికి ఆనని సన్నని ప్రవాహ రేఖలు ఏర్పడతాయి. ఒకే దీపం కింద నాణేన్ని అటూ ఇటూ వంచినప్పుడు బండిచక్రపు ఆకుల్లా తిరిగే మెరుపు ఆ రేఖల నుంచే వస్తుంది. గుడ్డతో ఒక్కసారి రుద్దినా అవి చెదిరిపోయి, వాటి స్థానంలో ఒకే దిశలో సాగే వెంట్రుకవాసి గీతలు మిగులుతాయి. గ్రేడింగ్ సంస్థ అలాంటి నాణేనికి అంకె ఇవ్వకుండా ‘డీటెయిల్స్’ అనే మాట రాసి పంపుతుంది. ఆ మాట పడ్డ నాణేన్ని సేకర్తలు చాలావరకు బంగారం ధరకే అడుగుతారు.

మీ 1902 విషయంలో మరో జాగ్రత్త కూడా అవసరం. ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకం జరిగిన ఆ సంవత్సరంలో ప్రూఫ్ నాణేలను (చలామణీకి కాక సేకర్తల కోసం ప్రత్యేక శ్రద్ధతో ముద్రించేవి) అద్దంలా మెరిసేలా కాకుండా, ఇసుక చల్లినట్టు మసకగా ఉండే మ్యాట్ ముగింపుతో తయారుచేశారు. అలాంటి సావరిన్లు 15,123 ముద్రించారు. వాటి మసకదనమే వాటి అసలు రూపమని తెలియక ఎందరో యజమానులు రుద్ది మెరిపించి పాడుచేశారు. మీది సాధారణ నాణెమా, మ్యాట్ ప్రూఫా అన్నది ఫొటో చూస్తే గాని చెప్పలేను. అంచు గట్టు ఎంత పదునుగా ఉందో, అక్షరాల మధ్యనున్న ఖాళీలో కూడా అదే మసకదనం ఉందో లేదో చూసి చెప్పండి.

1887, 1911 నాణేలను పంపవలసిన అవసరం నాకు కనిపించడం లేదు. 1911 లండన్ సావరిన్ విస్తారంగా దొరుకుతుంది. 1887 నాటిది శిల్పి బోహ్మ్ చెక్కిన విక్టోరియా రాణి జూబిలీ తల ఉన్న నాణెం కనుక, ఆ శిల్పి పేరు తాలూకు మొదటి అక్షరాల అమరికలో అరుదైన రకాలు ఉన్నాయేమో ఒకసారి సరిచూసుకుంటే సరిపోతుంది. 1917 గురించి ప్రస్తుతానికి సంతోషించవద్దు, భయపడనూ వద్దు. బరువు, వ్యాసం కొలిచి చెప్పండి. సావరిన్ బరువు 7.988 గ్రాములు, వ్యాసం 22.05 మిల్లీమీటర్లు. చలామణీలో అరిగి 7.938 గ్రాముల కన్నా తగ్గిన సావరిన్‌ను ఆనాడు చట్టం ప్రకారం చెల్లుబాటు నుంచి తొలగించేవారు.

కాసులపేరు (రాజమహేంద్రవరం), ఫిబ్రవరి 4

ఈ చర్చ చూసి ధైర్యం చేసి రాస్తున్నాను. మా నాయనమ్మ గారి కాసుల పేరులో లక్ష్మీ కాసుల నడుమ రెండు నిజమైన సావరిన్లు ఉన్నాయి. రెండింటి మీదా 1918 సంవత్సరం, ‘ఐ’ అక్షరం ఉన్నాయి. ఎప్పుడో కంసాలి చేత పైభాగంలో రింగు టంకం పెట్టించారు. మా ప్రాంతంలో కాసు అంటే ఎనిమిది గ్రాములు కనుక, ఇంట్లో అందరూ వాటిని కూడా బరువు లెక్కనే చూస్తారు. ఇంగ్లండులో ఉన్న థేమ్స్ తీరం గారి ద్వారా వాటిని గ్రేడింగ్‌కు పంపే మార్గం ఉందా? ఖర్చు నేను భరిస్తాను.

టంకశాల_వీధి (హైదరాబాద్), ఫిబ్రవరి 4

కాసుల పేరు గారూ, దయచేసి ఆ ఆలోచన మానుకోండి. మన దేశంలో 1972 నాటి పురావస్తువుల, కళాసంపద చట్టం ప్రకారం నూరేళ్లకు తక్కువ కాని నాణెం పురావస్తువు కిందికే వస్తుంది. పురావస్తువును కేంద్ర ప్రభుత్వమో, అది అధికారమిచ్చిన సంస్థో తప్ప వ్యక్తులెవరూ దేశం దాటించడానికి వీల్లేదు. 1918 నాటి సావరిన్ 2018తోనే ఆ గీత దాటింది. గ్రేడింగ్ చేయించి తిరిగి తెచ్చుకుంటామన్నా, బంధువుల చేతికిచ్చి పంపినా అది ఎగుమతే అవుతుంది. మీ నాయనమ్మ గారి నాణేలు మీ ఇంట్లో ఉండటంలో ఏ తప్పూ లేదు. వాటిని విదేశానికి పంపడమే నేరం. థేమ్స్ తీరం గారి నాణెం ఇంగ్లండులో కొన్నది కనుక ఆయనకు ఈ చిక్కు లేదు.

ఆ ‘ఐ’ అక్షరం వెనుక ఉన్న చరిత్ర మన దేశానికి చెందినది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో బంగారాన్ని సముద్రం మీద లండన్‌కు చేరవేసి, ముద్రించి, తిరిగి తేవడం ప్రమాదకరంగా మారింది. మరోవైపు ఇక్కడ బంగారు నాణేల అవసరం పెరిగింది. అందువల్ల బొంబాయి టంకశాల ఆవరణలోనే రాయల్ మింట్‌కు ఒక శాఖ ఏర్పాటు చేశారు. సావరిన్ అచ్చులు లండన్ నుంచి అందేలోపు పని ఆగకూడదని, అదే బరువు, అదే స్వచ్ఛత గల 15 రూపాయల మొహరును ముద్రించారు. అప్పట్లో ఒక సావరిన్ మారకం విలువ 15 రూపాయలు. మొహర్లు 21,09,703, ఆ తరువాత సావరిన్లు 12,95,372 తయారయ్యాయి. ఆ సావరిన్లన్నిటి మీదా ఉన్నది 1918 ఒక్కటే. 1919లో శాఖ మూతపడింది. అందుకే జార్జి 5 సావరిన్లను టంకశాలల వారీగా సేకరించేవారికి బొంబాయి గడి నింపడానికి ఈ ఒక్క సంవత్సరమే దిక్కు.

పన్నెండు లక్షలకు పైగా ముద్రించిన నాణేన్ని అరుదైనదని మాత్రం చెప్పలేము. దాని విలువ అరుదుదనంలో కన్నా, ఏ మాత్రం అరగకుండా మిగలడంలో ఉంది. మన దేశంలో ఈ నాణేలు నగల్లోకి, పేర్లలోకి వెళ్లడం వల్ల టంకం మచ్చ లేకుండా మిగిలినవి తక్కువ. 2013 నుంచి మన దేశంలో ఎంఎంటీసీ-పాంప్ సంస్థ రాయల్ మింట్ అనుమతితో ముద్రిస్తున్న కొత్త సావరిన్ల మీద కూడా ‘ఐ’ అక్షరమే ఉంటుంది. వాటిని పాత బొంబాయి నాణేలుగా పొరబడి ఎక్కువ ధర పెట్టవద్దు.

వేలంపాట (లండన్), ఫిబ్రవరి 5

అమ్మకం గురించి నాకు తెలిసినది చెబుతాను. నేను ఇరవై ఏళ్లుగా లండన్ వేలాలకు వెళుతున్నాను, కొన్నాను, అమ్మాను కూడా. కొత్తవారు హామర్ ధరనే, అంటే పాట ముగిసినప్పుడు ఖాయమైన ధరనే, తమ చేతికొచ్చే ధర అనుకుని నష్టపోతారు. పెద్ద వేలం సంస్థల్లో కొనేవారు హామర్ ధర మీద ఇరవై శాతానికి అటూ ఇటూగా కొనుగోలు రుసుము, ఆ రుసుము మీద వ్యాట్ కలిపి చెల్లించాలి. అమ్మేవారి నుంచి సంస్థ వేరే కమీషన్ తీసుకుంటుంది, కొన్నిచోట్ల ఫొటోకు, బీమాకు కూడా వసూలు చేస్తారు. నూరు పౌండ్ల హామర్ ధర పలికిన నాణేనికి కొనేవారు నూటఇరవైకి పైగా ఇస్తే, అమ్మినవారికి ఎనభై అయిదో తొంభయ్యో చేరవచ్చు. ఈ తేడాను భరించగల నాణెం మాత్రమే వేలానికి అర్హమైనది. సాధారణ సావరిన్‌ను నమ్మకమైన డీలర్‌కు బంగారం ధర లెక్కన ఇవ్వడమే మేలు. ఒక్కో సావరిన్‌లో 7.32 గ్రాముల స్వచ్ఛమైన బంగారం ఉంటుంది కనుక, ఆ రోజు గ్రాము ధరతో హెచ్చించి చూసుకుని వెళితే ఎవరూ మోసం చేయలేరు. బ్రిటిష్ న్యూమిస్మాటిక్ ట్రేడ్ అసోసియేషన్ సభ్యత్వం ఉన్న డీలర్లను ఎంచుకోమని నా సలహా.

పన్ను విషయం కూడా తెలుసుకోండి. 1837 నుంచి ముద్రించిన సావరిన్లు బ్రిటన్‌లో చెల్లుబాటు అయ్యే స్టెర్లింగ్ నాణేలు కనుక, బ్రిటన్ నివాసి వాటి అమ్మకం మీద పొందిన లాభానికి క్యాపిటల్ గెయిన్స్ పన్ను ఉండదు. వ్యాట్ లెక్క వేరు. 1800 తరువాత ముద్రించి, వెయ్యికి కనీసం 900 పాళ్ల స్వచ్ఛత ఉండి, తయారైన దేశంలో చట్టబద్ధంగా చెల్లుతూ లేదా ఒకప్పుడు చెల్లి, మామూలుగా తనలోని బంగారం విలువకు 180 శాతం మించని ధరకు అమ్ముడయ్యే నాణేన్ని పెట్టుబడి బంగారంగా లెక్కించి వ్యాట్ నుంచి మినహాయిస్తారు. అరుదైన నాణెం ఆ హద్దు దాటుతుంది, అప్పుడు వ్యాట్ లెక్క మారుతుంది.

ఇక గ్రేడింగ్ మీద నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. ప్లాస్టిక్ పెట్టెలో బిగించిన నాణేన్ని చేతిలోకి తీసుకుని అంచు చూడలేము, వంచి మెరుపు చూడటం కూడా కష్టమే. బ్రిటిష్ సంప్రదాయంలో ఫైన్, వెరీ ఫైన్, ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్, అన్‌సర్క్యులేటెడ్ అనే మాటలతోనే తరతరాలుగా క్రయవిక్రయాలు సాగాయి. 1666 నుంచి వ్యాపారంలో ఉన్న స్పింక్ వంటి సంస్థలు కూడా ఆ మాటలనే వాడుతూ వచ్చాయి. కొనేవారు గ్రేడు నేర్చుకోవాలి గాని, లేబుల్ చదవడం నేర్చుకుంటే చాలదని నేను గట్టిగా నమ్ముతాను.

అట్లాంటిక్_ఆవల (న్యూజెర్సీ), ఫిబ్రవరి 5

వేలంపాట గారి అనుభవాన్ని గౌరవిస్తూనే విభేదిస్తున్నాను. ఈ రోజు మేలైన బ్రిటిష్ నాణేలను కొనేవారిలో చాలామంది అమెరికాలో, తూర్పు ఆసియాలో ఉన్నారు. వారు నాణేన్ని చేతితో చూడకుండా, తెర మీద చూసి పాట పెంచుతారు. అలాంటి కొనుగోలుదారుకు 1986లో మొదలైన పీసీజీఎస్, 1987లో మొదలైన ఎన్‌జీసీ వంటి సంస్థలు ఇచ్చే అసలైనదన్న హామీయే ఆధారం. అవి వాడే 1 నుంచి 70 వరకు ఉండే కొలమానాన్ని షెల్డన్ అనే నాణేల సేకర్త 1949లో ‘పెద్ద సెంట్లు’ అనే పాత అమెరికా రాగి నాణేల కోసం తయారుచేశారు. బ్రిటన్‌లోనే ఒక సంస్థ 100 వరకు ఉండే మరో కొలమానాన్ని వాడింది కనుక, లేబుల్ మీద అంకె చూసినప్పుడు అది ఏ కొలమానమో ముందు చూసుకోవాలి. 70కి 65 వేరు, 100కి 65 వేరు.

మన సభ్యులు తరచుగా పొరబడే చోటు ఒకటుంది. బ్రిటిష్ గ్రేడు మాట, అమెరికా గ్రేడు మాట ఒకటిగా వినిపించినా ఒకటి కావు. బ్రిటన్‌లో కఠినమైన డీలర్ ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్ అన్న నాణెం అమెరికా కొలమానంలో దాదాపు ఏయూ (దాదాపు అరగనిది) 50 నుంచి 58 మధ్య నిలుస్తుంది. బ్రిటన్ వెరీ ఫైన్ చాలాసార్లు అక్కడ ఎక్స్ఎఫ్ (అక్కడి ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్) 40 లేదా 45 అవుతుంది. ఈ సంగతి తెలియక, అమెరికా లేబుల్ మీద ఎక్స్ఎఫ్ అని చూసి బ్రిటిష్ పట్టికలోని ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్ ధర చెల్లించినవారిని నేను ఎరుగుదును.

అయితే పెట్టె కూడా నకిలీ కావచ్చు. లేబుల్ మీది నంబరును ఆ సంస్థ వెబ్‌సైటులో వెతికి, అక్కడ ఫొటో ఉంటే దానిలోని ప్రతి మచ్చనూ మీ నాణెంతో పోల్చండి. నంబరు సరిపోయినంత మాత్రాన చాలదు, ఎందుకంటే నకిలీదారులు నిజమైన నంబరునే కాపీ చేస్తారు. ఏ నాణేనికి ఏ గ్రేడు ఎన్నిసార్లు ఇచ్చారో చెబుతూ ఆ సంస్థలు ప్రచురించే పాపులేషన్ లెక్కలను కూడా కొంచెం జాగ్రత్తగా చదవాలి. ఎక్కువ అంకె కోసం ఒకే నాణేన్ని పెట్టె పగలగొట్టి మళ్లీ మళ్లీ పంపేవారు ఉన్నందున, పాత లేబుల్ వెనక్కి ఇవ్వకపోతే ఒక్క నాణెమే రెండుగానో మూడుగానో లెక్కలోకి ఎక్కుతుంది.

థేమ్స్_తీరం (రీడింగ్), ఫిబ్రవరి 7

అందరికీ కృతజ్ఞతలు. ఏ నాణేన్నీ తుడవలేదు. అంచులు మాత్రమే పట్టుకుని, కింద మెత్తని గుడ్డ పరిచి కొలిచాను. 1917 బరువు 7.98 గ్రాములు, వ్యాసం 22.0 మిల్లీమీటర్లు. 1918 బరువు కూడా 7.98 గ్రాములే. బరువు, వ్యాసం రెండూ సరిపోయాయి కనుక 1917 అసలైనదే అనుకోవచ్చా? 1902 ఫొటోలు జతచేశాను. అంచు గట్టు చాలా పదునుగా ఉంది, మసకదనం అంతటా సమానంగా ఉంది గానీ రాజు చెంప మీదా, గడ్డం మీదా మాత్రం మెరుస్తోంది.

లోహపరీక్ష (మాంచెస్టర్), ఫిబ్రవరి 7

బరువూ వ్యాసమూ సరిపోతే తరువాత చూడవలసినది సాంద్రత. రాగి కలిసిన 22 క్యారెట్ల బంగారం సాంద్రత 17.5కు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. చిన్న త్రాసు మీద నీటి గిన్నె పెట్టి, అంకెను సున్నాకు తెచ్చి, సన్నని దారంతో నాణేన్ని గిన్నె అడుగుకూ గోడలకూ తగలకుండా నీటిలో వేలాడదీయండి. త్రాసు సుమారు 0.45 గ్రాములు చూపితే అది సరైన లోహమే. ఆ తరువాత నాణేన్ని రుద్దకుండా, మెత్తని గుడ్డ మీద పెట్టి అద్ది ఆరనివ్వండి. మ్యాట్ ప్రూఫ్ కాగలదన్న అనుమానం ఉన్న 1902కు మాత్రం ఈ పరీక్ష చేయవద్దు.

అయితే ఈ పరీక్ష లోహం గురించి మాత్రమే చెబుతుంది, ముద్రించినది ఎవరో చెప్పదు. ఇది ముఖ్యమైన విషయం. 1950ల తొలి సంవత్సరాలలో ఇటలీలోని మిలన్ నగరంలో సరైన బంగారంతోనే సావరిన్లను పెద్ద ఎత్తున ముద్రించారు, ఎందుకంటే అప్పట్లో సావరిన్ తనలోని బంగారం కన్నా ఎక్కువ ధర పలికేది. ఆ తేడాయే వారి లాభం. బీరూట్ పేరుతో వ్యవహారంలో ఉన్న నకిలీలు కూడా చాలావరకు మంచి బంగారమే. 1957 నుంచి రాయల్ మింట్ మళ్లీ సావరిన్లు విరివిగా ముద్రించడానికి ఈ నకిలీల వెల్లువ కూడా ఒక కారణం.

పాతనాణెం (బర్మింగ్‌హామ్), ఫిబ్రవరి 8

ఫొటోలు చూశాను. ముందుగా 1902: అది నిశ్చయంగా మ్యాట్ ప్రూఫ్. చెంప మీది మెరుపు మాత్రం బాధ కలిగించింది, ఎవరో వేలితోనో గుడ్డతోనో రుద్దారు. గ్రేడింగ్‌కు పంపితే ‘డీటెయిల్స్’ వచ్చే అవకాశమే ఎక్కువ కనుక, ఆ ఖర్చు మిగుల్చుకుని చేత్తో చూసి కొనే డీలర్‌కు చూపించండి. మా ఊరి దగ్గర నేషనల్ మోటార్‌సైకిల్ మ్యూజియంలో జరిగే మిడ్‌ల్యాండ్ నాణేల సంతకు తెస్తే ఒకే గదిలో పలువురు డీలర్ల చేత ధర చెప్పించుకోవచ్చు.

ఇప్పుడు 1917. లండన్‌లో ఆ సంవత్సరం పది లక్షలకు పైగా సావరిన్లు ముద్రించినట్టు లెక్కల్లో ఉంది. కానీ యుద్ధ కొనుగోళ్ల చెల్లింపుల కింద అవి అమెరికాకు తరలి అక్కడ కరిగిపోయినందువల్ల, మిగిలినవి చాలా కొద్ది. అందుకే అసలు 1917 లండన్ నాణెం వేల పౌండ్లు పలుకుతుంది. అదే సంవత్సరం సిడ్నీ, మెల్‌బోర్న్, పెర్త్, ఒటావాలలో ముద్రించినవి మాత్రం ఎస్, ఎం, పీ, సీ అక్షరాలతో ఇప్పటికీ దొరుకుతాయి. ఆ అక్షరాన్ని గీకివేస్తే లండన్ నాణెం తయారైనట్టే కదా అని కొందరు ఆ పని చేశారు. మరికొందరు నేరుగా ముద్ర లేని 1917 అచ్చునే తయారుచేసుకున్నారు.

పది రెట్లు పెంచే భూతద్దంతో మూడు చోట్ల చూడండి. నేల గీత మధ్యలో, అంటే అక్షరం ఉండవలసిన చోట, లోహం నునుపుగా పక్కకు జరిగినట్టు కనిపిస్తే అది గీకిన గుర్తు. రాజు మెడ కోత దగ్గర శిల్పి బెర్‌ట్రామ్ మకెన్నల్ పేరు తాలూకు మొదటి అక్షరాలు బి.ఎం. పదునుగా, వేరువేరుగా కనపడాలి. నకిలీలో అవి ముద్దగా ఉంటాయి. అంచు లోపలి పళ్ల వరుస ఒకే తీరులో సాగుతోందో లేదో కూడా చూడండి. అసలు నాణెం మీద ఇతర నాణేలు తగిలి పడిన దెబ్బలు లోపలికి పోయి ఉంటాయి. పోతపోసిన అచ్చుతో చేసిన నకిలీ మీద చిన్న బొడిపెలు పైకి లేచి ఉంటాయి.

గోల్కొండ_గట్టు (లెస్టర్), ఫిబ్రవరి 9

మధ్యలో అడ్డు వచ్చినందుకు మన్నించండి. నా దగ్గర 1965 నాటి చర్చిల్ క్రౌను నాణెం ఒకటి, 2009 నాటి క్యూ గార్డెన్స్ 50 పెన్సు ఒకటి ఉన్నాయి. వీటిని కూడా గ్రేడింగ్‌కు పంపవచ్చా?

వేలంపాట (లండన్), ఫిబ్రవరి 9

చర్చిల్ క్రౌన్లు దాదాపు రెండు కోట్లు ముద్రించారు. అవి ఇంటింటా సొరుగుల్లో ఉన్నాయి, గ్రేడింగ్ రుసుములో చిన్న భాగం కూడా తిరిగి రాదు. క్యూ గార్డెన్స్ 50 పెన్సులు 2,10,000 మాత్రమే చలామణీలోకి వచ్చాయి కనుక వాటికి నిజంగానే గిరాకీ ఉంది, అందుకే నకిలీలు కూడా పుట్టుకొచ్చాయి. అది మీ చేతికి చిల్లరలో వచ్చినదైతే ఉన్నట్టే అమ్మండి. ఆన్‌లైన్‌లో కొనదలిస్తే మాత్రం దాని మీది పగోడా బొమ్మలో అంతస్తుల గీతలు పదునుగా ఉన్నాయో లేదో చూడండి. వ్యాపారి దగ్గర ఆన్‌లైన్‌లో కొన్న వస్తువును బ్రిటన్‌లో 14 రోజుల్లో రద్దు చేసుకునే హక్కు మామూలుగా ఉంటుంది. బంగారం ధరను బట్టి మారే నాణేలకు, ప్రత్యక్షంగా జరిగే బహిరంగ వేలానికి ఆ హక్కు వర్తించదు.

థేమ్స్_తీరం (రీడింగ్), ఏప్రిల్ 21

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. మీ సలహాల ప్రకారం 1917, 1918 నాణేలను మాత్రమే ఒక అధీకృత డీలర్ ద్వారా గ్రేడింగ్‌కు ఇచ్చాను. రాయల్ మెయిల్ స్పెషల్ డెలివరీలో గరిష్ఠ పరిహారం 2,500 పౌండ్లే కనుక, 1917 ఒకవేళ అసలైనదైతే అది చాలదని భావించి, సెలవు పెట్టి స్వయంగా తీసుకెళ్లి ఇచ్చాను. ఇవ్వక ముందు నాణేలను రెండు వైపులా ఫొటో తీసి, రసీదు మీద బరువు రాయించుకున్నాను.

1918 బొంబాయి నాణేనికి 70కి ఎంఎస్ 62 వచ్చింది (ఎంఎస్ అంటే చలామణీలో అరగని నాణెం). పాతనాణెం గారు విడిగా పంపిన ఫొటో చూసి ఎంఎస్ 61 లేదా 62 అన్నారు, అదే నిజమైంది. రుసుము, రానుపోను ఖర్చు లెక్కవేస్తే ఈ గ్రేడు వల్ల పెరిగిన ధర ఆ ఖర్చుకు సరిపోయింది, అంతే. అయినా ఈ నాణేన్ని అమ్మదలచుకోలేదు.

1917 పెట్టెలో బిగించకుండానే తిరిగి వచ్చింది. అది అసలైనది కాదని ఒక చీటీ జతచేశారు. నిజం చెప్పాలంటే అంతకు ముందే నాకు అర్థమైంది. నీటి పరీక్షలో త్రాసు 0.45 గ్రాములే చూపింది. కానీ బి.ఎం. అక్షరాలు ముద్దగా కలిసిపోయి ఉన్నాయి, రాజు మెడ వెనుక ఖాళీలో రెండు చిన్న బొడిపెలు ఉన్నాయి. అయినా ఆశ వదులుకోలేక పంపాను. ఆ ఆశ ఖరీదు ఒక గ్రేడింగ్ రుసుము.

1902ను మిడ్‌ల్యాండ్ సంతకు తీసుకెళ్లాను. ముగ్గురు డీలర్లు చూశారు. ముగ్గురూ మొదట చెంప మీది మెరుపునే చూపారు. మూడోవారు సాధారణ సావరిన్ ధర మీద చెప్పుకోదగిన మొత్తం ఎక్కువ ఇస్తామన్నారు, ఇచ్చేశాను. ఇప్పుడు 1917ను ఏం చేయాలో తెలియడం లేదు. బంగారం మాత్రం నిజమైనదే కదా, అదే ధరకు ఎవరికైనా అమ్మవచ్చా?

వేలంపాట (లండన్), ఏప్రిల్ 21

సావరిన్ అని చెప్పి ఎవరికీ అమ్మవద్దు, బహుమతిగా కూడా ఇవ్వవద్దు. 1981 నాటి ఫోర్జరీ, కౌంటర్‌ఫీటింగ్ చట్టం ప్రకారం నకిలీ నాణెమని తెలిసి దానిని చలామణీ చేయడం, మరొకరికి అందించడం నేరం. మొదట వేలం సంస్థకు ఆ చీటీ ప్రతితో ఉత్తరం రాయండి. వారి నిబంధనలలో నకిలీల గురించి ఒక వాక్యం ఉంటుంది, గడువు కూడా ఉంటుంది, కాబట్టి ఆలస్యం చేయవద్దు. వారు 1917 లండన్ అని ప్రకటించలేదన్నది నిజమే. కానీ సావరిన్ అని ప్రకటించారు, ఇది సావరిన్ కాదు. ఆ మాట మీదే నిలబడండి.

థేమ్స్_తీరం (రీడింగ్), మే 6

వేలం సంస్థ మొదట ఒప్పుకోలేదు. మీరు చెప్పిన వాక్యాన్ని వారి నిబంధనల్లోనే చూపి రెండోసారి రాశాక నాణేన్ని వెనక్కి తీసుకుని, లాటు ధరలో అయిదో వంతు, దాని మీద చెల్లించిన రుసుము తిరిగి ఇచ్చారు. గ్రేడింగ్ ఖర్చు మాత్రం నాదే.

కాసులపేరు (రాజమహేంద్రవరం), మే 7

థేమ్స్ తీరం గారికి అభినందనలు. మా ఇంటి సంగతి కూడా చెబుతాను. శ్రావణంలో పెళ్లి ఉండటంతో నాయనమ్మ గారి కాసుల పేరును కొత్తగా గుచ్చించడానికి ఇచ్చాము. లక్ష్మీ కాసులకు మెరుగు పెట్టమని, ఆ రెండు సావరిన్లను మాత్రం ముట్టుకోవద్దని, రింగు కూడా తీయవద్దని కంసాలికి కాగితం మీద రాసి ఇచ్చాను. టంకం తీస్తే నాణెం మళ్లీ పూర్వంలా అవుతుందా అని ఆయన అడిగారు. కాదని, మచ్చ ఇంకా పెద్దదవుతుందని చెప్పాను. తీసుకెళ్లే ముందు రెండింటినీ బొమ్మ వైపు, బొరుసు వైపు ఫొటోలు తీసి పెట్టుకున్నాను. ‘ఐ’ అక్షరం స్పష్టంగా ఉంది.